ఇద్దరు పొడగరులు ఒకేసారి కోర్టులో ఉండాలా?

సభ్యులందరికీ నమస్కారం. బాస్కెట్‌బాల్‌లో ఇద్దరు సెంటర్లను, అంటే బుట్ట దగ్గర ఆడే పొడగరులను, కలిపి ఆడించడం కాలం చెల్లిన పద్ధతి అన్న వాదనతో నేను ఏకీభవించలేను. అమెరికా లీగ్ ఎన్‌బీఏ 2015 ఫైనల్స్‌లో 1-2తో వెనుకబడిన గోల్డెన్ స్టేట్ జట్టు నాలుగో ఆటకు సెంటర్ ఆండ్రూ బోగట్ స్థానంలో సెంటర్ కాని ఆండ్రే ఇగుడాలాను మొదటి ఐదుగురిలోకి తెచ్చి, ఆ తర్వాత వరుసగా మూడు ఆటలూ గెలిచిన మాట నిజమే. కానీ 2025 ఫైనల్స్‌లో సరిగ్గా అదే 1-2 స్థితిలో ఓక్లహోమా సిటీ ఇందుకు విరుద్ధంగా వెళ్లింది. తొలి ఆటల్లో బెంచీ నుంచి మధ్యలో ఆడించిన సెంటర్ హార్టెన్‌స్టైన్‌ను నాలుగో ఆటలో మరో పొడగరి చెట్ హోమ్‌గ్రెన్‌కు తోడుగా ఆరంభం నుంచే ఆడించి, చివరికి టైటిల్ అందుకుంది.

అసలు చూడవలసింది ఎత్తు కాదు, రెండో పొడగరి బయటి నుంచి షాట్ వేయగలడా అన్నది. అతను వేయలేకపోతే, అతన్ని కాపలా కాసేవాడు నిశ్చింతగా వదిలేసి బుట్ట దగ్గరకు జరుగుతాడు. డ్రిబుల్ చేస్తూ లోపలికి దూసుకొచ్చిన గార్డ్‌కు (బంతిని నడిపే ఆటగాడికి) ఒకరి బదులు ఇద్దరు అడ్డు తగులుతారు, మూలన ఉన్న సహచరుడికి బంతి అందించే దారీ మూసుకుపోతుంది. హోమ్‌గ్రెన్ మూడు పాయింట్ల గీత వెలుపల నిలబడగలడు కనుకనే ఆ జోడీ కుదిరింది.

ఫౌళ్ల లెక్క కూడా మరవకూడదు. ఎన్‌బీఏలో ఆరో ఫౌల్‌తో ఆటగాడు వైదొలగాలి కాబట్టి, ఇద్దరూ ఒకేసారి ఫౌళ్లలో చిక్కుకోకుండా, వారిని అర్ధభాగం ఆరంభంలో కొన్ని నిమిషాలు కలిపి ఆడించి, ఆపై ఒకరి తర్వాత ఒకరిని కోర్టులోకి పంపడమే మేలని నా అభిప్రాయం. చివరి నిమిషాల్లో ఎవరు ఉండాలన్నది మాత్రం ఎదుటి జట్టు ఐదుగురిని చూశాకే నిర్ణయించాలి.