నంబరు గోడ మీద ఉంది, ఫోన్ ఎక్కడ?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అమ్మాయి విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. కాలేజీ పేరు రాయడం లేదు. రాసినా పెద్ద తేడా ఉండదు, తెలిసినవాళ్ళ పిల్లలున్న కాలేజీల్లోనూ ఇదే తంతు.

మొన్న ఆదివారం చూడ్డానికి వెళ్ళాం. మెట్ల దగ్గర కొత్తగా ఒక ఫ్లెక్సీ కట్టారు. టెలీ మానస్, 14416, మనసు బాగోలేకపోతే ఫోన్ చేయండి, ఉచితం, 24 గంటలూ. చూసి సంతోషమే వేసింది. "నువ్వెప్పుడైనా చేశావా?" అని అడిగాను. "ఎట్లా చేస్తా నాన్నా, ఫోన్ ఉంటేగా!" అంది.

నిజమే. పిల్లల దగ్గర సెల్ ఉండకూడదని చేర్చుకునేటప్పుడే మా చేత సంతకం పెట్టించుకున్నారు. హాస్టల్ మొత్తానికి వార్డెన్ టేబుల్ మీద ఒక ఫోన్. ఆదివారం సాయంత్రం దాని ముందు వరస, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. వెనకాల ఇరవై మంది, ఎదురుగా వార్డెన్ మేడమ్. అక్కడ నిలబడి ఏ పిల్ల ఏం చెప్పుకుంటుంది? అందుకే మా ఇంట్లో ఒక గుర్తు పెట్టుకున్నాం. "గోంగూర పచ్చడి అయిపోయింది" అంటే తన మనసు బాగోలేదని, వాళ్ళమ్మ మర్నాడే బస్సెక్కాలని. ఈ ఏడాది మూడుసార్లు అయిపోయింది పచ్చడి. వెళ్ళి చూస్తే సీసా ప్రతిసారీ సగానికి పైనే ఉంది.

విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కేసు ఎక్కడిదో కాదు, నీట్ కోచింగ్‌కని మన విశాఖపట్నం వచ్చి 2023లో చనిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయిది. కన్నతండ్రి కోర్టుల చుట్టూ తిరిగితే వచ్చిన తీర్పు. వందమంది, ఆపైన పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దంది. హెల్ప్‌లైన్ నంబర్లు పెద్ద అక్షరాల్లో పెట్టమంది. ఈ మూడింట్లో ఖర్చు తక్కువది ఫ్లెక్సీ. అదొక్కటీ అయింది.

కౌన్సిలర్ ఎవరని అడిగితే కెమిస్ట్రీ సారేనన్నారు. వారం వారం టెస్టులో మార్కులు తగ్గినవాళ్ళని కింది సెక్షన్‌కి పంపేదీ ఆయనే. మంచివాడే, కాదనను. కానీ భయం ఎవరివల్లో ఆయనకే వెళ్ళి చెప్పుకోమంటే ఎట్లా?

ఇక నిద్ర. ఉదయం ఐదింటికి బెల్లు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. ఈ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. మా అమ్మాయికి ఆరు గంటలు దొరికితే గొప్ప. సెలవులకి వచ్చిన మొదటి రోజు భోజనానికి లేపినా లేవదు.

చదువులో టెన్షనే లేకుండా చేయమని నేనడగను. ర్యాంకుల పిచ్చి మాకూ ఉంది, ఫీజు కట్టి పంపిందీ మేమే. నేనడిగేది చిన్నది. ప్రతి హాస్టల్లో ఒక గది, దానికి తలుపు, లోపల ఒక ఫోన్. 14416కీ ఇంటికీ తప్ప వేరే నంబర్లకి పోకపోయినా ఫర్వాలేదు. ఎవరు చేశారో రాసుకునే రిజిస్టరు మాత్రం పెట్టొద్దు. తనిఖీకి వచ్చే అధికారులు ఫ్లెక్సీని ఫొటో తీసుకుని వెళ్ళిపోకుండా, ఆ గదిలోంచి ఒక్క కాల్ చేసి చూడాలి. కౌన్సిలర్ సర్టిఫికెట్లు, జీతం కాగితాలు చూశాకే ఇంటర్ బోర్డు ఆ కాలేజీకి గుర్తింపు రెన్యువల్ చేయాలి.

మొదటిసారి పచ్చడి అయిపోయిందని చెప్పినప్పుడు, టెస్టులు జరుగుతున్నాయి కదా అని మేం వెంటనే వెళ్ళలేదు. నాలుగు రోజులకి వెళ్ళాం. ఆ నాలుగు రోజులూ తను ఎవరితో మాట్లాడిందో ఇప్పటికీ అడగలేదు.

ఇట్లు,
ఒక ఇంటర్ విద్యార్థిని తండ్రి,
ఒంగోలు