ఫిర్యాదు మూసేశారు, డిక్షనరీ మాత్రం తెరుచుకోలేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

కొర్లగుంటలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెబుతుంటాను. సెంటర్ పెట్టినప్పటి నుంచీ మీ కంపెనీ కంప్యూటర్లే కొంటున్నాం. ఈసారి మీరు విండోస్ బదులు లైనక్స్ వేసి ఇచ్చేవి తీసుకున్నాం. క్లాసులో నెట్ పెట్టను, పెడితే పిల్లలు ఏం చూస్తారో మీకూ తెలుసు. అందుకే నెట్ లేకుండా ఇంగ్లీషు డిక్షనరీ పనిచేస్తుందా అని ముందే అడిగాను. "అన్నీ లోపలే ఉన్నాయి సార్" అన్నాడు మీ డీలర్.

లోపలున్నది మాట కొట్టగానే నెట్‌లో ఉండే డిక్ట్ డాట్ ఆర్గ్ సర్వర్‌ను అడిగి అర్థం తెచ్చే రకం. నెట్ లేకపోతే ఎర్రర్. పోనీలే, దానికి ఇంత ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఒళ్లు మండింది ఆ తర్వాత మీరు ఆడించిన ఆటకి.

సాఫ్ట్‌వేర్ తన పని కాదు, కంపెనీకి ఫోన్ చేసుకోమన్నాడు డీలర్. "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని మీ రికార్డు పాడగా పాడగా ఒకమ్మాయి లైన్లోకి వచ్చి, కంప్యూటర్ ఆన్ చేశారా అని అడిగింది. చేశానమ్మా అన్నాను. సీరియల్ నంబరు రాసుకుని ఇంకొకాయనకు కలిపింది. ఆయనకూ మళ్లీ సీరియల్ నంబరు కావాలి. నెట్ కనెక్ట్ చేస్తే రిమోట్‌లో చూస్తాడట! నెట్ లేకుండా పనిచేసే దానికోసమే కదయ్యా ఈ గోలంతా అంటే, "అట్లయితే మెయిల్ పెట్టండి సార్." పెట్టాను. జవాబుగా ఆన్‌లైన్ డిక్షనరీ లింకు పంపారు. దాన్ని ఏ నెట్‌తో తెరవాలో కూడా ఒక లింకు పంపాల్సింది.

ఇంకో మహానుభావుడు విండోస్ వేసుకోమని సలహా ఇచ్చాడు. మరొకాయన "లైనక్స్ ఓపెన్ సోర్స్ కదా సార్, అందరూ కలిసి రాసే సాఫ్ట్‌వేర్, మా బాధ్యత కాదు" అన్నాడు. డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం ఆ మాట గుర్తు రాలేదు. ఇంతలో "మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని ఎస్సెమ్మెస్. ఎవరు పరిష్కరించారో వాళ్లనొకసారి చూడాలనుంది.

చివరికి నా దగ్గర చదివే పిల్లవాడు చెప్పాడు, గోల్డెన్‌డిక్ట్ అని నెట్ లేకుండా పనిచేసే డిక్షనరీ ప్రోగ్రాం ఉందట. అందులో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్ల వర్డ్‌నెట్ డిక్షనరీ వేసుకుంటే చాలట. లక్షన్నరకు పైగా మాటలు, పైసా ఖర్చు లేదు. 1913 నాటి వెబ్‌స్టర్ డిక్షనరీ కూడా ఉచితమే. డిగ్రీ కుర్రాడికి తెలిసింది జీతాలు తీసుకునే మీ ఇంజనీర్లకు తెలియదా? వాడితోనే వేయించుకోవచ్చు, కానీ వేయించుకోను. మీ మనిషే పెన్‌డ్రైవ్‌తో వచ్చి అన్నింట్లో వేసి, నా కళ్ల ముందు నాలుగు మాటలు వెతికి చూపించాలి. మూసేసిన ఫిర్యాదు ఎందుకు మూసేశారో కాగితం మీద రాసివ్వాలి.

బాలాజీ కాలనీలో ట్యూషన్లు నడిపే మిత్రులు కంప్యూటర్లు కొనేముందు నన్నే అడుగుతారు. ఇన్నాళ్లూ మీ పేరే చెప్పాను. నెలాఖరులోగా ఎవరూ రాకపోతే వాళ్లకు ఈ కథంతా చెబుతాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు కూడా వేస్తాను. అక్కడ జడ్జి గారిని సీరియల్ నంబరు అడగండి.

బిల్లు, మెయిళ్లు, ఆ స్టార్ల ఎస్సెమ్మెస్ జత చేశాను. ఫోన్ చేసేదుంటే పొద్దున చేయండి, సాయంత్రం క్లాసులుంటాయి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
కొర్లగుంట, తిరుపతి