ఆదివారం అంబలి
అందరికీ నమస్కారం. ఆదివారం ఒడిశాలోని మన కోరాపుట్ జిల్లా జయపురంలో కలిసి వండుకోవడం ఖాయం. బిర్యానీ వద్దండీ, అది ఎప్పుడూ ఉండేదే! చోడంబలి (రాగి అంబలి), నంజుకోడానికి ఉల్లిపాయ, ఎండుచేపలు. చేప తినని వారికి చింతచిగురు పప్పు.

పాయసం మాత్రం కాలాజీరా బియ్యంతోనే. 2024లో కోరాపుట్ పేరు మీదే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన బియ్యం ఉండగా బాస్మతి ఎందుకు? పాత వరి విత్తనాలు కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్న కమలా పూజారి గారిదీ మన జిల్లాయే.

అడ్డాకుల విస్తళ్లు సంతలో కొంటాం, థర్మోకోల్ పళ్లేలు తేకండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు అంబలి ఎలా పులియబెట్టేవారో వాయిస్ మెసేజ్ పెట్టించండి. కొలతలు లేకపోయినా పర్లేదు, వాళ్ల మాటల్లోనే కావాలి. పక్కింటి ఒడియా పిన్నిగారి మండియా జావు (రాగి జావ) పద్ధతి కూడా అడగండి.

ఎంతమంది వస్తారో శుక్రవారంలోగా చెప్పండి, పిండి ముందే కలిపి పులియబెట్టాలి.