గుర్రం కొద్దీ జీను

సంపాదకుల వారికి నమస్కారం.

రౌతు కొద్దీ గుర్రం అని పెద్దలు అన్నారు. గుర్రం కొద్దీ జీను అన్న మాట మాత్రం మన ప్రాంతంలో ఎవరి నోటా నేను వినలేదు. మా ఆడగుర్రం వీపు మీద పడిన పుండ్లు మానేసరికి ఆ మాట ఎవరూ చెప్పకుండానే నాకు బోధపడింది. పెళ్ళి ముహూర్తాలు దగ్గరపడుతున్న ఈ రోజుల్లో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఊరేగింపుల కోసం గుర్రాలను పోషిస్తున్నవారికీ, నాలాగా సొంతానికి ఒకటో రెండో ఉంచుకున్నవారికీ, ఫోనులో కౌబాయ్ జీను బొమ్మ చూసి ముచ్చటపడి కొనబోతున్న కుర్రవాళ్ళకూ నా అనుభవం పనికివస్తుందన్న ఆశతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది నెల్లిమర్ల మండలంలో ఒక పల్లె. మామిడితోట చుట్టూ తిరిగి రావడానికీ, పొద్దుటిపూట చంపావతి గట్టు మీద కాస్త దూరం వెళ్ళి రావడానికీ ఒక నాటు ఆడగుర్రాన్ని కొన్నాను. మా తాతగారు విజయనగరంలో జట్కా తోలిన మనిషి. గుర్రం కొనేటప్పుడు ఆయన ముందు సుడులు, తర్వాత పళ్ళు, ఆ తర్వాత గిట్టలు చూసేవారు. నేనూ వరుసగా అవే చూశాను. జట్కా గుర్రం మీద మనిషి ఎక్కడు గనుక వీపు సంగతి ఆయన చెప్పవలసిన అవసరం రాలేదు, నేను అడగనూ లేదు.

మెడ మీద జూలు ముగిసి వీపు మొదలయ్యే చోట గుర్రానికి ఒక ఎత్తు ఉంటుంది. దానిని మూపు అందాం. మార్వారీ వంటి జాతులలో ఈ మూపు బాగా లేచి, కొండ గట్టులా కనిపిస్తుంది. మా గుర్రానికి మూపు దాదాపు లేదు. వీపు వెడల్పుగా, గుండ్రంగా, పొట్టిగా ఉంటుంది. అటువంటి వీపు మీద జీను వేయడమంటే గుమ్మడికాయ మీద పీట వేయడమే. ఎక్కేవాడు ఎడమ రికాబులో కాలు పెట్టగానే జీను మొత్తం పక్కకు జారిపోతుంది. జారకుండా ఉండాలని, జీనును పొట్ట కింద నుంచి పట్టి ఉంచే పట్టీని, అంటే తంగువారును, ఇంకో రంధ్రం బిగిస్తాం. ఆ బిగింపుతోనే కష్టాలన్నీ మొదలవుతాయి.

నేను కొన్నది వెస్టర్న్ జీను, మనవాళ్ళు కౌబాయ్ జీను అనేది. ఇది స్పెయిన్ నుంచి మెక్సికోకు, అక్కడి పశువుల కాపరుల నుంచి అమెరికా పడమటి రాష్ట్రాలకు చేరిన పనిముట్టు. పొద్దున ఎక్కిన మనిషి పొద్దుగూకే దాకా మంద వెంట తిరగాలి, పశువుకు వేసిన తాడును జీను ముందు భాగాన ఉన్న కొమ్ముకు చుట్టి ఆపాలి. అందుకే అది అంత దిట్టంగా, పన్నెండు పదిహేను కిలోలకు తక్కువ కాకుండా ఉంటుంది. అయినా దానిలో ఒక మేలు ఉంది. తోలు కింద వెన్నెముకకు చెరో వైపున రెండు పొడవాటి పలకలు ఉంటాయి. మనిషి బరువును అవి వీపు నిండా పరుస్తాయి. ఆ పలకలూ, వాటిని ముందూ వెనకా కలిపే కమానులూ కలిసిన చట్రాన్నే ఇంగ్లీషులో ట్రీ అంటారు. పాతకాలం నుంచీ దీన్ని కర్రతో చేసి పచ్చితోలు తొడుగుతారు. ఇప్పుడు ఫైబర్‌తోనూ చేస్తున్నారు. జీను అంటే నిజానికి ఈ చట్రమే. పైన కనిపించే తోలూ, పువ్వుల చెక్కడాలూ, వెండి బిళ్ళలూ చూసి మనం డబ్బు ఇస్తాం, గుర్రం మాత్రం రోజంతా చట్రాన్నే మోస్తుంది.

అమ్మినవారు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే, ఎన్ని అంగుళాలు కావాలని. పదహారు అన్నాను. వచ్చాక తెలిసింది, ఆ పదహారు అంగుళాలు నా కూర్చునే చోటు కొలత అని. గుర్రం కొలత ఒక్కటి కూడా ఎవరూ అడగలేదు. నా నడుముకు సరిపడే జీను నా గుర్రానికి కూడా సరిపోతుందని ఇద్దరమూ అనుకున్నాం. ఆ తప్పులో నా వాటా నాకుంది.

మూడో వారంలో ఒకనాటి ఉదయం జీను దించి బోరింగు దగ్గర కట్టాను. వీపంతా చెమటకు తడిసి నల్లగా మెరుస్తోంది. మూపుకు చెరో పక్కన మాత్రం అరచేయంత మేర వెంట్రుకలు పొడిగా, దుమ్ముతో నిక్కబొడుచుకుని ఉన్నాయి. చెమట పట్టలేదు కాబట్టి అక్కడ సుఖంగా ఉందనుకున్నాను. నిజం దానికి పూర్తిగా విరుద్ధం. చుట్టూ తడి ఉండి మధ్యలో ఒక ముక్క పొడిగా ఉందంటే, అక్కడ చెమట ఊరే వీలు కూడా లేనంత ఒత్తిడి పడిందన్న అనుమానం ముందు రావాలి. జీను అసలు తగలని చోట కూడా పొడిగా ఉండవచ్చు గనుక, వేళ్ళతో నొక్కి చూస్తే తేడా తెలుస్తుంది. నేను నొక్కిన వెంటనే గుర్రం వీపు కిందికి వంచి, చెవులు వెనక్కి వేసి, నా చేతి వైపు పళ్ళు చూపించింది. అంతకు ముందు వారం నుంచే జీను తెస్తుంటే మొహం తిప్పుకునేది, గట్టు దిగేటప్పుడు అడుగులు కుదించుకునేది. మొండికేస్తోందని దాన్ని అదిలించాను. ఆ అదిలింపు ఇప్పటికీ నన్ను బాధిస్తూనే ఉంది.

తెలిసినవారు ఒకరు దుప్పటి మందం పెంచమన్నారు. మంచి మనసుతోనే చెప్పారు, నేనూ అలాగే చేశాను. బిగుతైన గాజు కింద గుడ్డ చుడితే చేతికి హాయిగా ఉంటుందా? జీను వదులైతే మందపాటి దుప్పటి కొంతవరకు సర్దుతుంది. బిగుతైతే ఎంత మెత్తటిది వేస్తే అంతగా నొక్కుకుపోతుంది. పది రోజుల్లో ఆ పొడి మచ్చలు వాచి, చర్మం చిట్లి, రసి కారింది. పశువైద్యులు పుండ్లు కడిగి, మందు రాసి, మూడు నెలల పాటు వీపు మీద ఏమీ వేయవద్దన్నారు. పుండ్లు మానాయి. మానిన చోట వెంట్రుకలు తెల్లగా వచ్చాయి. ఒత్తిడికి వెంట్రుక కుదుళ్ళలో రంగునిచ్చే కణాలు దెబ్బతింటే అలా వస్తాయట. ఎర్ర గుర్రం మీద ఆ రెండు తెల్ల మచ్చలు దాని బతుకంతా ఉంటాయి. ఏ గుర్రానికైనా మూపు పక్కన ఇలాంటి తెల్ల మచ్చలు కనిపిస్తే, అది పుట్టుమచ్చ అని అమ్మేవాడు చెప్పినా ఒకసారి ఆలోచించమని చదువరులను వేడుకుంటున్నాను.

ఆ మూడు నెలలూ నేను జీను సంగతే చదివాను. దొరికిన కొలతల భాష మొదట కొరుకుడు పడలేదు. అమెరికాలో క్వార్టర్ హార్స్ అనే జాతిని ఆధారం చేసుకుని చట్రాలను సెమీ క్వార్టర్, ఫుల్ క్వార్టర్ అని పిలుస్తారు. ముందు కమాను కింది సందు మొదటిదానికి ఇంచుమించు ఆరున్నర అంగుళాలు, రెండోదానికి ఏడు అంగుళాలు అని చెప్పుకుంటారు. కానీ తయారీదారులందరికీ కట్టుబడిన కొలబద్ద ఏదీ లేదు. ఒకరి ఏడు ఇంకొకరి ఆరున్నర కావచ్చు. అంతకన్నా ముఖ్యం, పలకల వాలు. పూరింటి చూరు వాలు వేరు, పెంకుటింటి వాలు వేరు. రెండిళ్ళ వెడల్పు ఒకటే అయినా ఒకదాని కప్పు తెచ్చి ఇంకొకదాని మీద పెట్టలేం కదా. మూపు లేచిన గుర్రానికి పలకలు నిటారుగా దిగాలి, మా గుర్రం వంటి దానికి చదునుగా పరచుకోవాలి. వెడల్పు ఒక్కటే చూసి కొంటే ఈ తేడా పట్టుబడదు. ఇక పలకల వంపు వీపు వంపుకు కలవకపోతే వచ్చే ఇబ్బందులు రెండు. వీపు లోతుగా ఉండి పలక తిన్నగా ఉంటే బరువంతా ముందూ వెనకా రెండు చోట్ల పడి నడుమ ఖాళీ మిగులుతుంది. వీపు తిన్నగా ఉండి పలక వంగి ఉంటే జీను ఉయ్యాలపీటలా ఊగుతుంది.

కొలత తీయడానికి ఖరీదైన సాధనం అక్కరలేదు. ఇంటి కరెంటు పనిలో మిగిలిన లావుపాటి రాగి తీగతో నేను తీశాను. గుర్రాన్ని చదును నేల మీద, నాలుగు కాళ్ళూ సమంగా, తల తిన్నగా ఉండేలా నిలబెట్టాలి. జబ్బ ఎముక వెనక అంచును చేత్తో తడిమి పట్టుకుని, దానికి మూడు వేళ్ళ వెనక తీగను వీపు మీద అడ్డంగా వేసి, రెండు వైపులా ఒంటికి అతుక్కునేలా వంచాలి. తీగ ఆకారం చెదరకుండా తీసి అట్ట మీద పెట్టి గీత గీసి, కత్తిరించి, తేదీ వేయాలి. జానెడు వెనక ఒకటి, ఇంకో జానెడు వెనక మరొకటి, వెన్ను వెంట పొడవునా ఒకటి, మొత్తం నాలుగు అట్టలు. జబ్బ వెనక అంచునే ఎందుకు పట్టుకోవాలంటే, ముందు కాలు చాచినప్పుడు ఆ ఎముక పైభాగం వెనక్కి జరుగుతుంది. జీను దాని మీద కూర్చుంటే ప్రతి అడుగుకూ ఎముక వెళ్ళి చట్రానికి కొట్టుకుంటుంది. వెనక వైపు హద్దు చివరి పక్కటెముక. గుర్రానికి సాధారణంగా పద్దెనిమిది జతల పక్కటెముకలు ఉంటాయి. చివరిదాన్ని డొక్క దగ్గర పట్టుకుని పైకి తడుముకుంటూ వెళితే అది వెన్నును చేరే చోటు తెలుస్తుంది. బరువు మోసే పలకలు దాన్ని దాటకూడదు. పొట్టి వీపుల గుర్రాలకు ఇది పెద్ద చిక్కు. పలకల కిందుగా వేలాడే తోలు అంచులు కూడా తుంటికి తగిలి ఒరుసుకుంటాయి గనుక, అంచులు గుండ్రంగా కోసిన జీను వెతుక్కోవాలి.

అట్టలు చేతిలో ఉన్నా సరైన జీను ఒక్కసారిగా దొరకలేదు. రెండోది మరీ వెడల్పయి, కమాను నేరుగా మూపు ఎముక మీద కూర్చుంది. దాన్ని తిప్పి పంపాను. తర్వాత కాన్పూరులో ఒక తయారీదారుకు అట్టల ఫోటోలు, పక్కన స్కేలు పెట్టి, పంపాను. జీన్ల తయారీకి ఆ ఊరికి బ్రిటిష్ కాలం నుంచీ పేరుంది, అక్కడ కుట్టిన జీన్లు విదేశాలకూ వెళుతున్నాయి. ఆయన తోలు గురించి ఒక్క మాట చెప్పకుండా, ముందుగా వట్టి చట్రం ఫోటో పంపి, దాని వాలు ఎంతో రాసి, మీ అట్టకు ఇది సరిపోతుందో లేదో చూసి చెప్పండి అన్నారు. ఆ మాటతో నాకు నమ్మకం కలిగింది. వచ్చిన జీనును దుప్పటి లేకుండా వీపు మీద పెట్టి, ముందు నుంచి వెనక దాకా పలక కింద అరచేయి జొనిపి చూశాను. ఎక్కడా ఇరుక్కోలేదు, ఎక్కడా ఖాళీ తగలలేదు. అప్పుడుగానీ తంగువారు ముట్టుకోలేదు.

ఇప్పుడు ఒత్తుగా నొక్కిన ఉన్ని దుప్పటి ఒక్కటే వేస్తున్నాను. ఎక్కేటప్పుడు నేల మీద నుంచి రికాబు పట్టుకుని వేలాడకుండా, ఇంటి అరుగు పక్కన గుర్రాన్ని నిలబెట్టి అరుగు మీద నుంచి ఎక్కుతున్నాను. గుండ్రటి వీపు గుర్రానికి ఈ ఒక్క అలవాటు చేసే మేలు ఇంతా అంతా కాదు. పచ్చగడ్డి మేసే వానాకాలం తర్వాతా, ఎండు మేత మిగిలే వేసవి చివరా గుర్రం ఒళ్ళు మారుతుంది కాబట్టి ఏటా రెండుసార్లు తీగతో మళ్ళీ కొలుస్తున్నాను.

ఇది నా ఒక్కడి తిప్పలైతే మీ పత్రికలో చోటు అడిగేవాణ్ణి కాదు. మొన్నటి మాఘమాసంలో విజయనగరంలో ఒక బంధువుల పెళ్ళికి వెళ్ళాను. ఊరేగింపు ముగిశాక పందిరి వెనక గుర్రం మీది మఖమలు గుడ్డా, జరీ జీనూ దించుతుండగా దగ్గర ఉన్నాను. జీను కింద ఇనుప కమాను, దానికి చుట్టిన గోనెపట్టా. వీపు మీద నా గుర్రానికి పడిన చోటే, నా అరచేయి పట్టేంత పుండు, దాని మీద పసుపు. ఆ కుర్రవాడు దుర్మార్గుడు కాడు. ప్రేమగానే పసుపు రాశాడు, గుగ్గిళ్ళు పెట్టాడు. మర్నాడు రాజాంలో ఇంకో పెళ్ళి ఉందని చెప్పాడు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లోని 11వ సెక్షను ప్రకారం పుండుతో పనికిరాని స్థితిలో ఉన్న జంతువుతో పని చేయించడం నేరం. అయితే ఆ చట్టం తెలిసినంత మాత్రాన ఆ కుర్రవాడికి సరైన జీను దొరకదు. వాడికి కావలసింది కొలిచి చూపించే మనిషి.

అందుకే మూడు విన్నపాలు చేస్తున్నాను. జీన్లు అమ్మేవారు మనిషి సీటు కొలతతో పాటు చట్రం వెడల్పు, పలకల వాలు, పలకల పొడవు కూడా రాయాలి, వట్టి చట్రం ఫోటో చూపాలి. ఊరేగింపుకు గుర్రాన్ని మాట్లాడుకునే పెళ్ళివారు బేరం కన్నా ముందు జీను దింపించి వీపు చూడాలి. పట్టుమని రెండు నిమిషాలు పట్టని పని ఇది, పెళ్ళివారు అడుగుతారని తెలిస్తే యజమానులు తామే సర్దుకుంటారు. మూడోది గరివిడి పశువైద్య కళాశాల వారికి. మన జిల్లాలోనే పశువైద్య విద్యార్థులు ఉండగా, ముహూర్తాలు మొదలయ్యే ముందు ఏడాదికి ఒకసారి గుర్రాల యజమానులను పిలిచి, వీపులు పరీక్షించి, తీగతో కొలతలు తీసి అట్టలు చేతికిస్తే, ఆ అట్ట పట్టుకుని వెళ్ళి ఎవరైనా తమ గుర్రానికి తగిన జీను చేయించుకోగలరు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసకర్ర నుంచి వీణకు ఒంపు తీసే పనివారు ఉన్న నేల మనది. కొలత అంటూ చేతికి వస్తే, చట్రానికి వాలు తీయగల చేతులు ఇక్కడే దొరకవచ్చునని నాకు గట్టి నమ్మకం.

కళాశాల వారు అటువంటి రోజు ఒకటి పెడితే నేను మా గుర్రాన్నీ, దాని తెల్ల మచ్చలనూ, తేదీలు వేసిన నా అట్టలనూ తీసుకుని వస్తాను. నన్ను ముంచిన మొదటి జీను కూడా తెస్తాను, చట్రం ఎలా ఉండకూడదో విద్యార్థులు చేయి పెట్టి చూడవచ్చు.

భవదీయుడు,
ఒక రైతు,
నెల్లిమర్ల మండలం, విజయనగరం జిల్లా