విదేశీ విద్యా సహాయ విభాగం: వార్షిక నివేదిక

సంఘ సభ్యులందరికీ జై భీమ్.

ఈ ఏడాది మన విద్యా విభాగం పనిలో ఎక్కువ భాగం విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదవబోయే ఎస్సీ విద్యార్థుల దరఖాస్తులు సరిచూడటంతోనే గడిచింది. రెండు పథకాల మీద పనిచేశాం. ఒకటి తెలంగాణ ప్రభుత్వ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, రెండోది కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. మా దగ్గరికి వచ్చిన ఫైళ్లలో మార్కులు చాలక ఆగినవి తక్కువ. పేర్లు కలవక, తేదీలు కుదరక, డబ్బు ఎప్పుడొస్తుందో తెలియక చిక్కుల్లో పడ్డవే ఎక్కువ. అందుకే ఈ నివేదికలో కార్యక్రమాల జాబితా కంటే ఆ చిక్కులకే ఎక్కువ చోటిచ్చాం.

పేర్ల పంచాయితీ

పదో తరగతి మెమోలో ‘పి. రమేశ్’, ఆధార్‌లో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఇది మామూలుగా కనిపించే ఫైలే. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో అమెరికా వీసా తీసుకుంటే, అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి పోయి, మొదటి పేరు దగ్గర ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అదే ఐ-94లోకి (అమెరికాలో దిగినట్టు చూపే ప్రవేశ రికార్డు) వస్తుంది, చాలాసార్లు యూనివర్సిటీ రికార్డుల్లోకీ ఎక్కుతుంది. విద్యానిధి రెండో విడత సొమ్ము కోసం మొదటి సెమిస్టర్ మార్కులు పంపేసరికి, ఆ పేరుకూ ఈ-పాస్‌లో (రాష్ట్ర స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైటు) నమోదైన పేరుకూ పొంతన ఉండదు.

సవరణకు ఒక వరుస పాటించండి. పదో తరగతి మెమోను కదపడం కష్టం కాబట్టి దాన్నే ఆధారంగా పెట్టుకోవాలి. ఇనీషియల్‌ను విప్పి ఆధార్ సరిచేయించి, ఆ తర్వాత పాస్‌పోర్టు, చివర బ్యాంకు ఖాతా. ఇదంతా యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టకముందే అయిపోవాలి. ఐ-20 (అమెరికా యూనివర్సిటీ ఇచ్చే, వీసాకు కావాల్సిన ప్రవేశ పత్రం) వచ్చాక పాస్‌పోర్టులో పేరు మారిస్తే ఐ-20 కూడా మళ్లీ తెప్పించుకోవాలి. నోటరీ అఫిడవిట్ పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటున్నారు. మనిషి చూసే చోట అది పనికొస్తుందేమో గానీ ఆన్‌లైన్ సరిపోలికకు పనికిరాదు.

పెళ్లయిన అమ్మాయిల విషయంలో ఇంకో మెలిక ఉంది. కులం పుట్టుకతో వచ్చేది కాబట్టి కుల ధ్రువీకరణ పత్రం తండ్రి పేరు మీదే ఉండాలి. పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు చేరి ఉంటే, రెండూ ఒకే మనిషివని చూపడానికి పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం జతచేయాలి.

ఆదాయం, మార్కులు

మీసేవ ఆదాయ పత్రంలో ఒక అంకె, తండ్రి ఫారం-16లో (ఉద్యోగం ఇచ్చినవారు ఇచ్చే జీతం, పన్ను పత్రం) మరో అంకె ఉంటే ఫైలు తిరిగొస్తుంది. ఉద్యోగుల పిల్లలు ముందుగా ఫారం-16 చేతిలో పెట్టుకుని, ఆ తర్వాతే మీసేవకు వెళ్లాలి. పాత ఆదాయ పత్రం చెల్లదు.

డిగ్రీలో 60 శాతం నిబంధన దగ్గర సీజీపీఏ లెక్క తప్పుతోంది. సీబీఎస్‌ఈ అలవాటుతో 9.5తో గుణించేవారు కొందరు, నేరుగా 10తో గుణించేవారు కొందరు. జేఎన్‌టీయూ హైదరాబాద్ సూత్రంలో ముందు 0.5 తీసేసి, ఆ తర్వాత 10తో గుణించాలి. ఆ లెక్కన 6.4 వచ్చినవారికి 59 శాతమే. ఏ యూనివర్సిటీ అయినా మార్పిడి సూత్రం మెమో వెనకో, పరీక్షల విభాగం పత్రంలోనో ఉంటుంది. దాని నకలు జతచేయండి.

ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) స్కోరు రెండేళ్లు, జీఆర్‌ఈ (పీజీ ప్రవేశ పరీక్ష) స్కోరు ఐదేళ్లు చెల్లుతాయి.

కేంద్ర పథకం

మొత్తం 125 స్థానాలు. అందులో 115 ఎస్సీలకు, 6 విముక్త, సంచార, అర్ధసంచార జాతులకు, 4 భూమిలేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ చేతివృత్తులవారికి. మహిళలకు 30 శాతం కేటాయింపు ఉంది. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షలు మించకూడదు, ఏప్రిల్ 1 నాటికి వయసు 35 దాటకూడదు. క్యూఎస్ ప్రపంచ యూనివర్సిటీ ర్యాంకుల్లో మొదటి 500లోపు యూనివర్సిటీ కావాలి. ట్యూషన్ ఫీజుతో పాటు జీవన భత్యంగా బ్రిటన్‌లో ఏటా 9,900 పౌండ్లు, అమెరికాలోనూ మిగతా దేశాల్లోనూ 15,400 డాలర్లు ఇస్తారు.

ఇక్కడ అసలు అడ్డంకి ‘అన్‌కండిషనల్’ ఆఫర్, అంటే ఏ షరతూ లేని ప్రవేశ లేఖ కావాలనడం. ఫైనలియర్ విద్యార్థికి చివరి సెమిస్టర్ మెమో ఉండదు, కాబట్టి యూనివర్సిటీ షరతులతోనే ఆఫర్ ఇస్తుంది. ఆ లేఖతో దరఖాస్తు నిలవదు. మా సలహా సూటిగా చెబుతాం: ఫైనలియర్‌లో ఆదరాబాదరాగా పెట్టేకంటే, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చాక మరుసటి విడతలో పెట్టడమే మేలు. ఆఫర్ లేఖలో ‘సబ్జెక్ట్ టు’ (షరతుకు లోబడి) అన్న మాట ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉంటే ఆ పత్రాలు అప్‌లోడ్ చేసి కొత్త లేఖ తెప్పించుకోండి. ఎంపికయ్యాక కోర్సు మార్చుకునే వీలు లేదు.

2022 నుంచి భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజ అధ్యయనాలకు సంబంధించిన అంశాలకు ఈ పథకం వర్తించడం లేదు. మన చరిత్రను, మన కళలను విదేశాల్లో పరిశోధించాలనుకునే పిల్లలకు ఈ తలుపు మూసుకుంది. ఇది మాకు మింగుడుపడని నిబంధన. మార్చాలని కోరుతూ మంత్రిత్వ శాఖకు వినతిపత్రం పంపడానికి కార్యవర్గం తీర్మానించింది. అంతవరకు ఈ విషయాలు చదివేవారు బ్రిటన్ యూనివర్సిటీలైన ఆక్స్‌ఫర్డ్, రెడింగ్, సోయాస్‌లలో భారతీయులకు ఇచ్చే ఫెలిక్స్ స్కాలర్‌షిప్ వైపు చూడవచ్చు.

ఈ కేంద్ర పథకం అడిగే బాండు పత్రం (షరతులు తప్పితే సొమ్ము తిరిగి కడతామని రాసిచ్చే ఒప్పందం) చూసి తల్లిదండ్రులు జంకుతున్నారు. 1913లో బాబాసాహెబ్ కొలంబియాకు వెళ్లింది కూడా బరోడా సంస్థానానికి పదేళ్లు పనిచేస్తానని ఒప్పందం రాసిచ్చే. ఆయనకు అందింది మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్లు. బాండు చదివి సంతకం చేయాలి, చూసి పారిపోకూడదు.

డబ్బు ఎప్పుడొస్తుంది

రాష్ట్ర విద్యానిధి గరిష్ఠంగా 20 లక్షలు. మొదటి విడత విద్యార్థి అక్కడ దిగి, ఐ-94 లాంటి రుజువు పంపాకే వస్తుంది. రెండో విడతకు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాలి. విమానం ఎక్కేదాకా అయ్యే ఖర్చు ఇంటి నుంచే పెట్టుకోవాలన్నమాట. అమెరికాకు సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. బ్రిటన్‌కు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు, పైగా బ్యాంకులో చూపే సొమ్ము వరుసగా 28 రోజులు కదలకూడదు. ఒక్క రోజు తగ్గినా వీసా పోతుంది. జర్మనీ వెళ్లేవారు 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో (నెలకు కొంత మాత్రమే తీసుకోగల ఖాతా) ముందే వేయాలి. విద్యానిధి వస్తుందన్న ధీమాతో వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లకండి. బ్యాంకు విద్యారుణం మంజూరు చేయించుకుని, అవసరమైనంతే తీసుకోండి. ఐ-20 కోసం చూపడానికీ ఆ మంజూరు లేఖ పనికొస్తుంది.

దిగాక కూడా కొన్ని పనులుంటాయి. ఐ-94 కాగితం ఎవరూ చేతికివ్వరు. అమెరికా ప్రభుత్వ ఐ-94 వెబ్‌సైటులో పాస్‌పోర్టు నంబరు కొట్టి తీసుకోవాలి. వివరాలు దొరకకపోతే పేరు గడులు అటూఇటూ మార్చి చూడండి. బోర్డింగ్ పాస్ పారేయొద్దు. ఆధార్‌కు, బ్యాంకుకు కట్టిన ఇక్కడి సిమ్‌ను రీచార్జి చేస్తూ ఉండాలి. సిమ్ పోతే ఓటీపీ రాదు, కేవైసీ గడువు దాటి ఖాతా ఆగితే విడత సొమ్ము వెనక్కి పోతుంది.

వచ్చే ఏడాది

కేంద్ర పథకం దరఖాస్తులు గత కొన్నేళ్లుగా ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీసుకుంటున్నారు. అందుకని సర్టిఫికెట్ల పరిశీలన శిబిరాలు అక్టోబరులోనే మొదలవుతాయి. పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్టు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, ఈ నాలుగూ ఒకే కాగితం మీద పక్కపక్కన జిరాక్స్ తీయించి తీసుకురండి. తల్లిదండ్రుల్లో ఒకరైనా వెంట రావాలి. జామీను, రుణం గురించిన మాటలు వాళ్లతోనే మాట్లాడాలి.