రేటు గడిలో కామా పడి పట్టీ తప్పుతోంది: బిల్లింగ్ ప్రోగ్రామ్‌పై ఫిర్యాదు

ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

సాఫ్ట్‌వేర్ కంపెనీ సాంకేతిక విభాగం వారికి,

విషయం: రేటు గడి కీప్రెస్ హ్యాండ్లర్ (కీ నొక్కగానే నడిచే కోడ్) నుంచి తూకం గడి హ్యాండ్లర్‌ను పిలిచిన తీరులో తప్పు

అయ్యా,

మా మిర్చి అడ్తి (కమీషన్) దుకాణానికి మీరిచ్చిన విజువల్ బేసిక్ 6 ప్రోగ్రామ్‌లో రేటు గడి అంకెలు, ఒక చుక్క తప్ప ఇంకేమీ తీసుకోకూడదు. ఇప్పుడది కామాలు, అక్షరాలు, రెండేసి చుక్కలు కూడా తీసుకుంటోంది. 40 కిలోల బస్తాలు 12, అంటే 4.8 క్వింటాళ్లు. క్వింటాలు రేటు 18,500 అని కామాతో కొడితే 88,800 రూపాయలు రావాల్సిన పట్టీలో (రైతుకిచ్చే లెక్క కాగితంలో) 86 రూపాయల 40 పైసలు వస్తోంది. లెక్కలో మీరు వాడిన వాల్ (గడిలో కొట్టినదాన్ని సంఖ్యగా మార్చే) ఫంక్షన్ కామా దగ్గరే ఆగిపోయి 18 మాత్రమే తీసుకుంటుంది. ఇది కంటికి కనబడే తప్పు. వేలు జారి 1850,0 అని పడితే మొత్తం పదో వంతుకు దిగుతుంది, రద్దీ రోజున దాన్ని పసిగట్టడం కష్టం. సరుకు అమ్ముకుని బాసర వైపు తిరిగి వెళ్లే రైతుకు చేతిలో ఉన్న ఆ కాగితమే లెక్క.

ఒప్పందం ప్రకారం మీరిచ్చిన సోర్స్‌లోనే (ప్రోగ్రామ్ మూల కోడ్‌లోనే) కారణం ఉంది. తూకం హ్యాండ్లర్ తన గడి వరకు సరిగ్గానే పనిచేస్తోంది. అక్కర్లేని కీ వస్తే కీఆస్కీని (నొక్కిన కీ సంకేత సంఖ్యను) 0 చేస్తుంది, ఆ అక్షరం గడిలో పడదు. అదే కోడ్ మళ్లీ రాయకుండా రేటు హ్యాండ్లర్ నుంచి దాన్నే పిలిచారు. ఆలోచన మంచిదే. కానీ ముందు కాల్ అని పెట్టకుండా కీఆస్కీని బ్రాకెట్లలో రాశారు. కాల్ లేనప్పుడు అవి ఆర్గ్యుమెంట్ల (పంపే విలువల) బ్రాకెట్లు కావు, లోపలున్నది ఎక్స్‌ప్రెషన్ (విలువ కట్టాల్సిన లెక్క) అవుతుంది. దాని విలువ లెక్కగట్టి, తాత్కాలిక నకలు చేసి, ఆ నకలునే బైరెఫ్‌గా (చేసిన మార్పు పంపిన దానికే చేరేలా) పంపుతుంది. తూకం హ్యాండ్లర్ సున్నా చేసింది నకలును. అసలు కీఆస్కీ కామా సంకేతమైన 44గానే ఉండిపోయి కామా గడిలో పడుతోంది.

ప్రొసీజర్ పేరుకూ బ్రాకెట్‌కూ మధ్య ఎడిటర్ తనంతట తానే ఖాళీ వదిలింది చూడండి, ఆనవాలు అదే. పారామీటర్లు (ప్రొసీజర్ తీసుకునే విలువలు) రెండుంటే కంపైలరే (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చేదే) ఆపేది. ఒక్కటే కావడంతో కిమ్మనలేదు. ఫారం మూసేటప్పుడూ ఇదే జరుగుతోంది. ఫారం మూసేముందు నడిచే క్వెరీఅన్‌లోడ్ నుంచి తనిఖీ ప్రొసీజర్‌కు, ట్రూ అయితే మూయడాన్ని ఆపే క్యాన్సిల్‌ను బ్రాకెట్లలోనే పంపారు. సేవ్ కాని పట్టీ ఉందని అది క్యాన్సిల్‌ను ట్రూ చేసినా ఫారం మూసుకుపోతోంది.

బ్రాకెట్లు తీసేసినా, ముందు కాల్ పెట్టినా మార్పు అసలుకు చేరుతుంది. అయితే రేటు గడికి అంతటితో సరిపోదు. రెండో చుక్క తనిఖీ తూకం గడి టెక్స్ట్‌నే చూస్తోంది కాబట్టి, తూకంలో 480.5 ఉంటే రేటులో చుక్కే పడదు. టెక్స్ట్‌బాక్స్‌ను, కీఆస్కీని రెండింటినీ తీసుకునే ఉమ్మడి ప్రొసీజర్ మాడ్యూల్‌లో రాసి, రెండు హ్యాండ్లర్లూ దాన్నే పిలవాలి. కీఆస్కీ ఇంటిజర్ (చిన్న పూర్ణాంక రకం). దాని స్థానంలో లాంగ్ (పెద్ద పూర్ణాంక రకం) వేరియబుల్ పంపితే టైప్ మిస్‌మ్యాచ్ అని కంపైలర్ ఆపుతుంది. దాని నోరు మూయించడానికి బ్రాకెట్లు పెట్టారో, ఈ జబ్బే తిరగబెడుతుంది.

మౌస్‌తో పేస్ట్ చేసింది కీప్రెస్ దాకా రాదు. అందుకని గడి వదిలి వెళ్లేటప్పుడు నడిచే వ్యాలిడేట్ ఈవెంట్‌లో ఈజ్‌న్యూమరిక్ (సంఖ్యేనా అని చూసే) తనిఖీ పెట్టి, వాల్ తీసేసి, సంఖ్యగా మార్చే సీడబుల్ ఫంక్షన్ వాడండి. విండోస్ రీజియన్ భారత్ అని ఉంటే అది 18,500ను పద్దెనిమిది వేల ఐదు వందలుగానే చదువుతుంది.

ఇలాంటి పిలుపులు ఇంకెక్కడున్నాయో సోర్స్ మొత్తం వెతికి, సరిచేసిన ప్రోగ్రామ్‌ను సోర్స్‌తో సహా 7 రోజుల్లో పంపండి. పంపేముందు తూకం 480.5 పెట్టి, రేటు గడిలో కామా, చుక్క, పేస్ట్ మూడూ పరీక్షించండి. అందేదాకా రైతుల పట్టీలు చేత్తోనే రాస్తాం.

ఇట్లు,
లెక్కల విభాగం,
మిర్చి అడ్తి దుకాణం