వచ్చే నెల నుంచి చందా 149 రూపాయలు, కారణం ఇదీ

అందరికీ నమస్తే. ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. వచ్చే నెల నుంచి మన ఆడియో ఎపిసోడ్ల చందా నెలకి 99 నుంచి 149 రూపాయలవుతుంది. ఏడాది చందా కట్టేసినవాళ్లకి గడువు తీరేదాకా పాత రేటే.

పరాయి దేశం వెళ్లి మీడియా సంస్థలు పెట్టిన ఆడవాళ్ల సిరీస్‌లో అరియానా హఫింగ్టన్ ఎపిసోడ్ వచ్చాక వాట్సాప్‌లో చాలామంది ఒకే మాట రాశారు. ఆవిడ పెట్టిన వార్తల సైట్ హఫింగ్టన్ పోస్ట్‌కి వేలమంది ఉచితంగా రాసేవాళ్లు కదా, మీరూ అలా తీసుకుంటే రేటు పెంచక్కర్లేదు, కావాలంటే మేమే రాసిస్తాం అని. మీరు ప్రేమతోనే అన్నారు, అందుకే వివరంగా జవాబు రాస్తున్నాను.

ఆవిడంటే నాకు చాలా గౌరవం. 1950లో ఏథెన్స్‌లో పుట్టి, ఇంగ్లండ్ వెళ్లి కేంబ్రిడ్జ్‌లో చదువుకుని, తన గ్రీకు యాసతోనే వాదించి 1971లో అక్కడి డిబేటింగ్ సొసైటీ కేంబ్రిడ్జ్ యూనియన్‌కి అధ్యక్షురాలయ్యారు. ఆ పదవికి వచ్చిన మహిళల్లో ఆవిడ మూడో మనిషి. 1980లో న్యూయార్క్ వెళ్లారు. 2005 మే నెలలో మరికొందరితో కలిసి హఫింగ్టన్ పోస్ట్ మొదలుపెట్టేనాటికి ఆవిడకి 54 ఏళ్లు. "ఈ వయసులో నాకెందుకమ్మా మైకు" అనే మన అక్కలందరికీ నేను చెప్పేది ఈ 54 గురించే.

అసలు విషయం ఆ తర్వాతది. 2011లో ఆ సైట్‌ని ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ 31.5 కోట్ల డాలర్లకి కొన్నది. డబ్బు తీసుకోకుండా రాసినవాళ్ల తరఫున, సైట్ అమ్మితే వచ్చినదాంట్లో మాకూ వాటా రావాలని కేసు పడింది. డబ్బు రాదని తెలిసే రాశారు కదా అని 2012లో కోర్టు కొట్టేసింది. చట్టం ప్రకారం అది సరే. అక్కడ ఉచితంగా రాసినవాళ్లలో వేరే సంపాదన ఉన్న పేరున్నవాళ్లు చాలామంది, వాళ్లకి నలుగురూ చదివితే చాలు. కానీ మనకి కథలు చెప్పేది ఎవరు? కువైట్‌లో ఏళ్ల తరబడి ఇంటిపని చేసొచ్చి ఇప్పుడు మలక్‌పేటలో బట్టలు కుట్టే ఆవిడ ఒకరు. ఆవిడ చిక్కడపల్లిలో మన గదికొచ్చి రికార్డింగ్ చేస్తే ఆ పూట కుట్టుకూలి పోతుంది, ఆటో ఖర్చు అదనం. అలాంటి మనిషి జీవితాన్ని ఉచితంగా తీసుకుని మీకు చందాకి అమ్మడం నా వల్ల కాదు. మొదటినుంచీ డబ్బిచ్చే తీసుకుంటున్నాం, ఇప్పుడు ఒక్కో కథకి 1,500 నుంచి 2,500 చేస్తున్నాం, ఆటో ఖర్చు వేరే. పెరిగిన 50లో ఎక్కువ భాగం దానికే పోతుంది, మిగతాది గది అద్దెకి. మీరు రాసిపంపినా సరే, బాగుంటే ఇదే లెక్క.

ఇంకో మార్పు, ఆదివారం బోనస్ ఎపిసోడ్ ఆపేస్తున్నాం. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు హారన్లు సద్దుమణిగేదాకా మాకు రికార్డింగ్ కుదరదు, ఎడిటింగ్ అయ్యేసరికి తెల్లారుతోంది, ఎడిటింగ్ చేసే అమ్మాయికి ఈమధ్య కళ్లు తిరుగుతున్నాయి. అరియానా 2007లో అలసటతో కుప్పకూలి చెంప ఎముక విరగ్గొట్టుకున్నారు, తర్వాత నిద్ర గురించే ఊరూరా మాట్లాడారు, 2016లో తన సైట్ వదిలి ఆరోగ్యం మీద థ్రైవ్ గ్లోబల్ అనే సంస్థ పెట్టారు. మా ఎడిటింగ్ అమ్మాయి విషయంలో నేను అంతదాకా రానివ్వను. మంగళ, శుక్రవారాల ఎపిసోడ్లు మాత్రం ఎప్పటిలాగే వస్తాయి.

149 భారమనిపిస్తే మొహమాటపడకుండా మెసేజ్ పెట్టండి, ఆర్నెల్లు 99కే ఇస్తాం, కారణం అడగం. మానేయాలనుకున్నా ఒక్క మెసేజ్ చాలు, వాడుకోని రోజుల డబ్బు వారంలోగా వెనక్కి వేస్తాం. ఈ నెలాఖరులోగా ఏడాదికి కట్టేవాళ్లకి పాత రేటు వర్తిస్తుంది.